పిరికి నేతగాడు

ఎర్రగుంట్లలో ఆదివారం పొద్దున నలుగురు స్నేహితులం కూర్చుని పాచికల ఆట ఆడేవాళ్ళం. ఒకడు కథ నడుపుతాడు. మిగతా ముగ్గురం తలా ఒక పాత్రను కల్పించుకుని, పాచిక పడినదాన్ని బట్టి ఆ కథలో వాటిచేత సాహసాలు చేయిస్తాం. నాతోపాటు ఆడే ఇద్దరూ కత్తివీరులను తయారుచేసుకున్నారు. నేను మాత్రం నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే నేతగాణ్ణి రాసుకున్నాను. వాడికి వచ్చిన విద్య ఒక్కటే: ఎంత చిక్కుపడిన దారాన్నైనా తెంపకుండా విప్పుతాడు. అచ్చం మా నాయనే.

కథ నడిపేవాడు కాగితం చూసి మురిసిపోయాడు. "శానా బాగుండాడప్పా! వీనికి నా కథలో పెద్ద పని పెడతా, చూడు" అన్నాడు. నమ్మాను, బుద్ధి లేక.

ఒక ఆదివారం మా ఇంట్లో మగ్గానికి నిలువుగా ఎక్కించే పడుగు దారాలను వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించాల్సి వచ్చింది. గంజి ఆరేలోపు తెగిన పోగులన్నీ అతకాలి కాబట్టి ఇంటిల్లిపాదీ ఉండాల్సిందే. నా పాత్ర కాగితం కథ నడిపేవాడి చేతికిచ్చి, నా బదులు ఆడించమన్నాను.

మరుసటి వారం వెళ్తే నా నేతగాడు చచ్చిపోయి ఉన్నాడు. వాణ్ణి గుహలో రాక్షసుడికి ఎరగా కట్టేసి, వీరులిద్దరూ నిధితో బయటపడ్డారట.

"కత్తి పట్టలేనోడు ఇంగెందుకు పనికొస్తాడప్పా?" అని నవ్వాడు కథ నడిపేవాడు.

"దేంతో కట్టేసినారు?" అని అడిగాను.

"తాడుతో."

ముడులు విప్పడం తప్ప ఇంకేమీ రాని మనిషిని తాడుతో కట్టేశారు. అది విప్పుకోవడానికి వాడి తరఫున ఒక్కసారైనా పాచిక వేయలేదు.