వెనక సీటు మీద జొన్నల బస్తా

చిన్నప్పుడు మా ఆదివారపు బడిలో ప్రార్థన మొదలు కాగానే పంతులమ్మగారు వెదురు బెత్తం పట్టుకుని వరసల మధ్య తిరిగేవారు. కళ్లు తెరిచిన పిల్లవాడి నెత్తి మీద ఆ బెత్తం కొన మెల్లగా ఆనేది. కొట్టడం కాదు, ఆనడమే. అది చాలు. పదేళ్లు అలా గడిచాక, ‘ప్రభువా’ అన్న మాట నోట్లోంచి వస్తే చాలు, నా రెప్పలు వాటంతటవే వాలిపోయేవి. అది మంచి అలవాటని ఇప్పటికీ అంటాను. మోటారు సైకిలు నడిపేవాడికి మాత్రం కాదు.

పోలీసు చర్య జరిగిన ఏడు నాకు ఇరవై మూడేళ్లు. సికింద్రాబాదులో మా సంఘానికి పంతులుగా ఉండేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి వాక్యం చెప్పడం, పిల్లల చేత అక్షరాలు దిద్దించడం, అయ్యగారికి తోడుగా ఉండడం నా పని. అయ్యగారంటే మా పాదిరిగారు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. మిషను దొరగారు స్వదేశం వెళ్లిపోతూ తన మోటారు సైకిలును సంఘానికి వదిలిపెట్టారు. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న ఆకుపచ్చ బండి అది, దున్నపోతంత బరువు. నడపడం నాకు రెండు సాయంత్రాల్లో నేర్పారు. ముందుకు పోనివ్వడం, ఆపడం. అంతవరకే.

కాప్రా చెరువుకు అవతల మా సంఘం చిన్నది ఒకటుండేది, పదిహేను ఇళ్లు. ఆ ఏడాది ఎండాకాలం నుంచి రజాకార్ల భయం, ఆ తరువాత సైన్యం రాక, కర్ఫ్యూలు. ఆరు నెలలుగా వాళ్లకు ప్రభు భోజన సంస్కారం అందలేదు. రొట్టె విరిచి ఇచ్చే అధికారం అయ్యగారిదే, నాకు లేదు. అక్కడొక ముసలమ్మ ఉండేది, కాళ్లు పడిపోయినావిడ. నేను వెళ్లినప్పుడల్లా ‘అయ్య ఎప్పుడొస్తడు బిడ్డా’ అని అదొక్కటే అడిగేది. ఎడ్ల బండి మీద వెళ్లి రావడానికి పొద్దంతా పడుతుంది. పట్నంలో పొద్దుటి ఆరాధనా, సాయంత్రపు ఆరాధనా రెండూ అయ్యగారివే. ఆ రెంటి నడుమ కాప్రా వెళ్లి రావాలంటే మోటారు సైకిలొక్కటే దారి.

దారులు తెరుచుకున్న తరువాత మొదటిసారి ఒక ఆదివారం మధ్యాహ్నం బయలుదేరాం. మల్కాజ్‌గిరి రైలు గేటు దాటాక ఎవరూ ఎదురు రాలేదు. చెరువుగట్టు మలుపులో మాత్రం నీళ్లలోంచి బర్రెలు లేచి దారికి అడ్డం వచ్చాయి. ‘ప్రభువా’ అన్నాను. కళ్లు తెరిచేసరికి ఇద్దరం తుమ్మచెట్టు పక్కన బురదలో ఉన్నాం. అయ్యగారి కళ్లద్దాల్లో ఒకటి పగిలింది, మోచెయ్యి గీసుకుపోయింది. నేను భుజానికి తగిలించుకున్న సంచిలో ద్రాక్షరసం సీసా చితికి అంగీ అంతా ఎర్రబడింది. బర్రెల కాపరి అది నా నెత్తురనుకుని నేల మీద కూలబడ్డాడు. అయ్యగారు తన దెబ్బ మరిచిపోయి, అది నెత్తురు కాదు నాయనా అంటూ అతన్ని ఓదార్చారు. రొట్టె తడిసి ముద్దయింది. కాప్రా అక్కడికి మైలు కూడా లేదు. అయినా వట్టి చేతులతో వెనక్కి తిరిగాం.

అయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. అనవలసినవన్నీ సంఘ పెద్ద అన్నాడు. ఆయన రైల్వేలో గార్డు, ప్రతిదానికీ వేళ నిర్ణయించే మనిషి. క్రిస్మస్‌కు ముందటి ఆదివారం దాకా గడువు ఇచ్చాడు. అప్పటికి పంతులు చెయ్యి కుదిరిందని తన కళ్లతో చూస్తేనే అయ్యగారిని ఎక్కనిస్తానన్నాడు. లేకపోతే బండిని మిషను వాళ్లకు తిరిగి పంపేస్తామనీ, కాప్రా వాళ్లే నడిచి వస్తారనీ తేల్చాడు. నాకు ముసలమ్మ కాళ్లు గుర్తొచ్చాయి.

వంగిన హ్యాండిల్‌ను సరిచేయించడానికి బండిని తోసుకుంటూ బన్సీలాల్‌పేట్ వెళ్లాను. అక్కడ సైకిళ్లు బాగుచేసే ఒక సాయెబు ఉండేవాడు. నైజాము పటాలంలో జాబులు మోసే మోటారు సైకిలు సవారుగా పదిహేనేళ్లు పనిచేసినవాడు. పటాలాన్ని రద్దు చేశాక ఇంటి అరుగు మీదే పంపు, పానాలు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. అందరూ చాచా అనేవాళ్లు, నేనూ అలాగే అన్నాను.

ఆయన హ్యాండిల్‌ను చూడలేదు. కింద కూర్చుని వెనక చక్రం మెల్లగా తిప్పుతూ టైరంతా వేలితో తడిమాడు.

“బ్రేకు కొట్టిన నిషాన్ లేదు పంతులూ. గప్పుడు నువ్వు ఏం జేస్తున్నవ్?”

అబద్ధం చెప్పలేకపోయాను. ప్రార్థన చేశానన్నాను.

“కండ్లు మూసుకొనా?”

తల ఊపాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

“దువా చేసుడు మంచిదే. నేను సుత చేసిన, బండి మీద రోజూ. కానీ మేము నమాజుల కండ్లు మూసుకోము. సజ్దాకు నుదురు ఎక్కడ ఆనుతదో, నజర్ గాడనే ఉంటది. బండి గిట్లనే. నువ్వు బర్రెను చూస్తే బర్రె మీదికే పోతది. సందును చూడు, సందులకెళ్లి పోతది.”

ఆ మాట నాకు కొత్త కాదు. నీళ్ల మీద నడిచిన శిష్యుడు అలలను చూసి మునిగాడని నేను ఎన్ని ఊళ్లలో చెప్పి ఉంటాను! అతడు ఎక్కడ చూశాడో చెప్పాను గానీ, నేను ఎక్కడ చూస్తున్నానో ఎన్నడూ ఆలోచించలేదు.

నేర్పమని అడిగాను. నేర్పుతా గానీ తాను మాత్రం బండి ఎక్కనన్నాడు. పటాలం మనిషి పటాలం బండి మీద కనిపిస్తే ఆ రోజుల్లో దారిలోని తనిఖీ చౌకీ దాటకముందే నలుగురు ఆపి నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లు. పదిహేనేళ్లు తన ఒంట్లో భాగంగా ఉన్నదాన్ని తాకకుండా, నేల మీద నిలబడి మాటలతో నేర్పాడు. అలాంటి గురువును నేను మళ్లీ చూడలేదు.

ఆ పేట బావి వెనక ఖాళీ జాగాలో ఇటుకలు రెండు వరుసలుగా పేర్చాడు. వాటి మధ్య మనిషి నడిచేంత మెల్లగా బండి నడపాలి, కాలు కింద పెట్టకూడదు. వేగంగా పోవడం గాడిద సుత చేస్తది అనేవాడు. మెల్లగా పోయేవాడే సవారు. మట్టి దారిలో ముందు బ్రేకు ముట్టనివ్వలేదు. మలుపు తిరిగేటప్పుడు గడ్డం ముందు తిరగాలన్నాడు. నా కళ్లు చక్రం మీదికి జారితే చాలు, ఇంజను చప్పుడు విని, వీపు తిప్పి నిలబడ్డా కనిపెట్టేవాడు. ఆయన చెవులకు అప్పుడూ ఇప్పుడూ నమస్కరిస్తాను.

మూడో వారం ఒక జొన్నల బస్తా తెచ్చి వెనక సీటుకు కట్టాడు. మీ పాదిరి ఎంత బరువుంటడని ముందే అడిగి, అంతే నింపాడు. ఇటుకల మధ్య ఎక్కడైనా బండి కుదిపితే, ఆయన పరుగెత్తుకొచ్చి బస్తాను రెండు చేతులా సర్దేవాడు.

“మాఫ్ చెయ్యండి పాదిరి సాబ్. పోరడు మంచోడే, జెర ఆగమాగం.”

బావి దగ్గర నీళ్లు తోడే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. నాకు సిగ్గేసేది. కానీ ఆ తరువాత కుదుపు తగ్గేది.

కళ్ల సంగతి అంత తేలిగ్గా లొంగలేదు. ఒకసారి కోడి అడ్డం వస్తే మళ్లీ మూసుకున్నాను, ఇటుకలు కూలాయి. ఇది శరీరంలో పాతుకున్న అలవాటు, ఉపవాసంతో పోయేది కాదు. ఇంట్లో పొద్దుటా సాయంత్రమూ కళ్లు తెరిచి ప్రార్థించడం మొదలుపెట్టాను. గోడ మీద ఒక చోటు ఎంచుకుని అక్కడే చూపు నిలిపేవాణ్ణి. మొదట బెత్తం నెత్తిన ఆనుతున్నట్టే ఉండేది. సిలువకు ముందటి రాత్రి తోటలో ప్రభువు తన వాళ్లను మెలకువగా ఉండమనే కదా బతిమాలాడని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నెల గడిచేసరికి ఆ చోటు కూడా గుడిలాగే అనిపించింది.

గడువు ఆదివారం వచ్చింది. పొద్దుటి ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో సంఘ పెద్ద జేబు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ముందు ఎవరైనా వెనక కూర్చుని చూడాలి, అయ్యగారు కాదు అన్నాడు. తాను కూర్చుంటానని మాత్రం అనలేదు. అప్పుడు గేటు బయట నిలబడ్డ చాచా లోపలికి వచ్చాడు. నాకు భయమేసింది, దారిలో ఎవరైనా ఆపితే ఏమని. ఆయన ఎవరి వైపూ చూడకుండా బస్తా ఉండే చోట ఎక్కి కూర్చున్నాడు. చేతులు నన్ను పట్టుకోలేదు, తన మోకాళ్ల మీదే ఉంచుకున్నాడు.

“నేను కండ్లు మూసుకుంటున్న. నువ్వు తెరువు,” అన్నాడు నా చెవిలో.

గేటు దాటి, వీధి చివర జట్కాల మధ్య నుంచి మలుపు తిరిగి వచ్చేదాకా ఆయన కదల్లేదు. దిగాక సంఘ పెద్దతో ఒక్క మాటే చెప్పాడు, నిద్ర వచ్చిందని. గార్డు గడియారం జేబులో వేసుకుని, పదకొండున్నరకు బయలుదేరండి అన్నాడు. అయ్యగారు చాచా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏమన్నారో నాకు వినబడలేదు.

రైలు గేటు, జొన్న చేలు, చెరువుగట్టు. మలుపులో మళ్లీ బర్రెలు, ఈసారి దూడలతో సహా. నోట్లోంచి ‘ప్రభువా’ వచ్చింది. రెప్పలు వాలలేదు. రెండు బర్రెల నడుమ గడ్డిపట్టు ఒకటి కనబడింది. చూపు దాని మీదే ఉంచి, వెనక బ్రేకు మెల్లగా నొక్కి, మనిషి నడిచేంత వేగంతో అందులోంచి దాటాను. ఒక దూడ నా మోకాలిని వాసన చూసింది. గట్టు మీద కాపరి లేచి నిలబడి, ఎక్కడా ఎరుపు లేదని తేల్చుకుని మళ్లీ కూర్చున్నాడు.

“ఎందుకు మెల్లగా పోనిచ్చావురా?” అని వెనక నుంచి అయ్యగారు అడిగారు.

“బర్రెలు అడ్డమొచ్చాయి అయ్యగారూ.”

“నేను చూడలేదు. రైలు గేటు దగ్గర నుంచీ కళ్లు మూసుకునే ఉన్నాను.”

కాప్రాలో ముసలమ్మను గుమ్మం దాకా ఎత్తుకొచ్చి కూర్చోబెట్టారు. అయ్యగారు రొట్టె విరిచారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అందుకే ఆవిడ అరచేతులు తెరుచుకోవడం, ఆ ముక్క వాటిలో పడడం, వేళ్లు దాని మీద మూసుకోవడం చూడగలిగాను.