పొలిమేర దాకా చేరని పెట్టె

ఏసుపాదం నడినెత్తిన వెంట్రుక ఉండదు. వయసుకు వచ్చిన బట్టతల కాదది, దొరల పెట్టెలు రాసుకుపోయిన చోటు. కోదాడలో వెట్టి ఎట్లా సాగేదో ఇప్పటివాళ్లకు చెప్తే నమ్మరు. దొర ఉండే గడీకి చుట్టమొస్తే సామాను ఈ ఊరివాళ్లు పొలిమేర దాకా మోయాలి. అక్కడ పక్క ఊరివాళ్లు కాచుకుని ఉండి అందుకుని తమ పొలిమేర దాకా మోయాలి. కూలి మాట దేవుడెరుగు, గంజినీళ్లు కూడా పోసేవాళ్లు కాదు. ఏసుపాదం తండ్రి ఆ బాటలోనే పెట్టె కింద కూలబడి ప్రాణం విడిచాడు. పెట్టె పగిలిందేమోనని చూశారు గానీ మనిషిని చూసిన పాపాన పోలేదు. తగలెయ్య ఆ పద్ధతిని!

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, వానాకాలం. వెట్టి పోయిందని అందరూ అన్నారు, గడీకి చెవులుంటేగా! దొర అల్లుడు బొంబాయి నుంచి ఊడిపడ్డాడు. సూర్యాపేట మీదుగా వచ్చిన బస్సు ఆయన్ని కోదాడలో దించింది. గడీ ఉన్న మేళ్లచెరువు వైపు బాటంతా నల్లరేగడి బురద, బండి కదలదు. దొర మనిషి గట్టయ్య ఏసుపాదాన్ని పిలుచుకొచ్చి ఇనుప పెట్టె చూపించాడు.

అల్లుడు చిరాకుపడ్డాడు. "శాంతాక్రజ్‌లో విమానమెక్కి బేగంపేటలో దిగాను. నాలుగు వందల మైళ్లు, మూడు గంటలైనా పట్టలేదు! ఈ నాలుగు కోసులకు పొద్దంతా కావాలా? ఎత్తరా!"

ఏసుపాదం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దొరా, గంత దూరంల ఎన్ని పొలిమేరలు తగిలినయ్?"

"ఆకాశంలో పొలిమేరలేంట్రా, పిచ్చోడా!"

"మరి పెట్టె ఎవలు మోసిండ్రు?"

"విమానమే. టికెట్ కొన్నాగా."

"కొనకుంటే?"

"ఎక్కనివ్వరు."

"నేను గూడ నా నెత్తికెక్కనియ్య. విమానానికి కిరాయిచ్చి నాకు తిట్లిస్తవా? మా అయ్య మోసి సచ్చిండు. ఇగ నేను మొయ్య."

గట్టయ్య మీదికొచ్చాడు. "నీ గుడిసె ఎవల జాగల ఉందో యాదికుందా? రేపు పీకిస్త!"

ఏసుపాదానికి ఇల్లు గుర్తొచ్చింది. భార్య సుందరమ్మకు ఏం చెప్పాలి? అయినా మొయ్యనన్న మాట వెనక్కి తీసుకోలేదు.

పక్క ఊరివాళ్లు పొలిమేరలో తడుస్తూ కాచుకున్నారు. పెట్టె రాలేదు. సంగతి తెలిసి నాట్లకు వెళ్లిపోయారు. ఆ పై ఊరివాళ్లూ అంతే. ఇక్కడ ఒకడు ఎత్తకపోతే అక్కడ అందుకునే పనే లేదు మరి. బొంబాయి నుంచి గాలిలో ఎగిరొచ్చిన పెద్దమనిషి పొద్దుగూకేదాకా బస్సులు ఆగే చోట తన పెట్టె మీదే కూర్చున్నాడు. కూర్చోనీ, నాకేం జాలి లేదు.

మర్నాడు గట్టయ్య మనుషులతో వచ్చాడు. సుందరమ్మ అప్పటికే గుడిసె కప్పు విప్పేస్తోంది.

"జాగ మీ దొరది, గడ్డి నాది. చెయ్యి పెట్టకు!" అంది గట్టయ్యతో.

వాసాలు, గడ్డి మోపుకట్టి వాకిట్లో పెట్టింది. చర్చి వెనక దొరది కాని బంజరు దాకా మోసుకుపోవాలి. అది చూసి ఏసుపాదం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నా పంతానికి నీ ఇల్లు పాయె, సుందరీ."

సుందరమ్మ తలగుడ్డ చుట్టుకుంటూ కసిరింది.

"ఏడుస్తవేందయ్యా? ఎత్తు నా నెత్తికి. దొర మూట కాదిది, మనది."