మిరపకాయల చేత్తో మైనం

ఈ రోజు సాయంత్రం మా మనవరాలు హాసిని బడి నుంచి బుగ్గ పట్టుకుని వచ్చింది. పళ్ళకు వేసిన క్లిప్పుల తీగ లోపల గుచ్చుకుంటోందట. డాక్టరుగారిచ్చిన మైనం తెచ్చి, "అమ్మమ్మా, చిన్న ఉండ చేసి తీగ కొస మీద అద్దు" అంది. అప్పటిదాకా ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నదాన్ని, చేతులు చీరకు తుడుచుకుని అద్దేశాను.

పిల్ల ఎగిరిపడింది. "అబ్బా మంట! మైనం పెట్టావా, కారం పెట్టావా?"

"అయ్యో నా తల్లీ, చేతులు కడుక్కోలేదే! ఉండు, కాస్త పెరుగు పుక్కిట పట్టు."

మంట తగ్గాక మూతినిండా పెరుగుతో ఒకటే నవ్వు. ముందుకొచ్చిన దాని పన్ను కనపడింది. నిరుడు పోయిన నా కూతురికి, అంటే దీని తల్లికి, అచ్చం అదే పన్ను. క్లిప్పులు వేశాక హాసిని పన్ను అప్పుడే కొంచెం లోపలికి జరిగింది.

సబ్బుతో చేతులు కడుక్కుని మళ్ళీ మైనం పెడుతూ ఆ పన్నునే చూశాను. రాయిలాంటి పన్ను సన్నతీగకు ఎలా లొంగుతుందో నాకు తెలియదు. పిల్లకు పళ్ళు చక్కబడితే నాకూ సంతోషమే. మీ ఇళ్ళలో క్లిప్పులు వేయించుకున్న పిల్లలుంటే ఒక్కటి చెప్పండి. పన్ను సర్దుకున్నాక నవ్వు కూడా మారిపోతుందా, పాత నవ్వే ఉంటుందా?