సీసా మూతి దగ్గర మామిడిపండు

చిత్తూరులో బస్సెక్కినప్పటి నుంచీ ఒళ్ళో గాజుసీసా పట్టుకుని కూర్చోనుంటి. పక్కసీటు పెద్దమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఏంది పాపా, పండ్ల మీద వాలే ఈగలు గదా ఇవి?"

"అవును పెద్దమ్మా, పరిశోధనకి. ముసలివైనాక పెట్టిన గుడ్లనే ఉంచి పెంచుతాం. అట్ల చేస్తా పోతే ఎక్కువకాలం బతికే ఈగలు వస్తాయి. ఎన్నో తరాల నుంచి ల్యాబులోనే ఉండాయి."

"అయితే పండే సూడలేదా?"

"లేదు. రవ్వ, బెల్లం ఉడికించి పెడతాం."

ఆమె సంచిలో నుంచి బేనీషా మామిడిపండు తీసి, తొడిమ తుంచి, సీసా మూతికి పెట్టిన దూది దగ్గర పట్టుకునింది.

"మా తోటలో ఇదే ఆఖరు కాపు. చెట్లన్నీ రోడ్డుకి కొట్టేసినారు."

ఈగలు ఒక్కొక్కటే దూది దాకా ఎక్కినాయి.

"సూస్తివా, మరిసిపోలేదు!" అనింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

సీసా కుదిపితే ఈగలు ఎప్పుడైనా పైకే ఎక్కుతాయి. బస్సేమో కుదుపుతానే ఉండాది. ఆ సంగతి నేను చెప్పలేదు. తిరుపతి వచ్చేదాకా ఆమె చెయ్యి తీయలేదు.

ఇప్పుడు మామిడికాలం వస్తే, ల్యాబులో ఎవరూ లేనప్పుడు, నేనూ సీసా మూతి దగ్గర పండు పట్టుకుంటాను. సీసాని మాత్రం కదలనియ్యను.