పెంటమ్మా అని పిలిస్తే

నా పేరు పెంటమ్మ. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషికి ఈ పేరేమిటని అడగడానికి మొహమాటపడి, అడగకుండా ఉండనూ లేక, కొత్తగా చేరిన పిల్లలు నా గది తలుపు మీది పలక దగ్గర కాసేపు తచ్చాడతారు. వాళ్ళ అవస్థ చూడలేక నేనే ఏదో ఒకటి చెప్పేస్తాను. ఒక బ్యాచ్‌కి, మా ఊరిని పూర్వం పెంటమ్మ అనే రాణి ఏలిందనీ, కోట గోడలన్నీ పిడకలతో కట్టించిందనీ, ముట్టడికి వచ్చిన సైన్యం ఆ గోడలకు నిప్పు పెట్టి, పొగకు తాళలేక దగ్గుతూ పారిపోయిందనీ చెప్పాను. ఢిల్లీ నుంచి సెమినార్‌కు వచ్చిన ఒక పెద్దమనిషికి మాత్రం, మా తాతకు గ్రీకు వచ్చనీ, ఆ భాషలో ఐదును పెంటా అంటారు కనుక అది చూసి పెట్టాడనీ చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఎక్కడైనా అచ్చు వేయించాడేమో తెలియదు.

అసలు సంగతిలో నవ్వుకోవడానికి ఏమీ లేదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, మా వైపు ఆ తర్వాతి బిడ్డను తల్లి తీసుకుపోయి పెంటకుప్ప మీద పడేసి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయేది. పక్కింటామె ఆ బిడ్డను చేటలో ఎత్తుకొచ్చి, "పెంట మీద దొరికింది, సాదుకుంటవా?" అని అడిగేది. తల్లి దోసెడు నూకలు పోసి కొనుక్కునేది. ఇక అది తన కడుపున పుట్టింది కాదు, ఎవరో పారేసింది. పారేసిన దాని మీద చావుకు మోజు ఉండదని నమ్మకం. ఆడపిల్లయితే పెంటమ్మ, మగపిల్లాడయితే పెంటయ్య.

నా చిన్నప్పుడు మా ఊరి చేదబావి దగ్గర "పెంటమ్మా" అని కేకేస్తే నలుగురైదుగురు తలలు తిప్పేవారు. ఒక్కొక్క తల వెనక ఎన్ని చిన్న గుంతలు తవ్వి ఉంటారో అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు ఈ క్యాంపస్ అంతా గాలించినా పెంటమ్మను నేనొక్కదాన్నే. నా క్లాసులో పిల్లల పేర్లకు అర్థం ఫోన్‌లో చూసుకోవాల్సి వస్తోంది. అన్నీ వెలుగులు, పూలు, తెల్లవారుజాములు. పిల్లలు బతికే కాలంలో పేర్లు కూడా ఒళ్ళు చేస్తాయి.

మా తమ్ముడి కూతురు, నా కోడలు, ఇదే క్యాంపస్‌లో బయోకెమిస్ట్రీలో పరిశోధన చేస్తుంది. తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందులో మొగుడూ పెళ్ళాం రెండు గదుల్లో ఉంటారు. ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఒకరు పొత్తిళ్ళలోనే, ఒకరు పాకే వయసులో. ఇద్దరికీ కడుపులో ఉండగానే ముచ్చటపడి పేర్లు వెతికి పెట్టుకుంది. ఆ పేర్లు ఇక్కడ రాయను. మూడోసారి ఆడపిల్ల పుట్టింది. గుండెలో రంధ్రం ఉందన్నారు. కొంచెం బరువు పెరిగితే ఆపరేషన్ చేస్తామన్నారు. పేరు పెట్టాల్సిన ఇరవై ఒకటో రోజు వచ్చి దాటిపోయింది. పేరు పెట్టలేదు. ఆసుపత్రి కాగితాల మీద తల్లి పేరు రాసి, ఆమె బిడ్డ అని మాత్రం రాశారు. పేరు మాట ఎత్తితే నా కోడలు లేచి వంటింట్లోకి పోయేది.

ఒక శనివారం పిల్లను చూడడానికి వెళ్ళాను. కోడలి తల్లి, అంటే మా మరదలు, పాలసీసా కడుగుతోంది.

"అత్తా, నన్ను గోల్నాకకు తీస్కపో" అంది నా కోడలు, ఉన్నట్టుండి. "ఆడ బర్రెల కొట్టాలున్నయంట. పెంటకుప్ప ఉంటది గదా."

మరదలి చేతిలో సీసా జారింది. "ఏందే నువ్వనేది? ఇంత సదువుకోని! సూడు వదినె, దీనికి మతి పోయింది. నా మనవరాలిని పెంటా అని పిలవాల్నా నేను?"

"నన్ను ఇన్నేళ్ళ నుంచి పిలుస్తలేవా?" అన్నాను.

"నిన్ను వదినె అంట. పేరెన్నడన్న నోట్లకెళ్ళి వచ్చిందా?"

నిజమే. రాలేదు.

నేను కోడలి వైపు తిరిగాను. "ఈ రాత్రిబవళ్ళు మైక్రోస్కోపుల కండ్లు పెట్టేదానివి, నువ్వేనా?"

"నా సదువు నాకు ఎరుకే అత్తా. రెండుసార్లు సదువునే నమ్మిన గదా." వంగి పిల్ల పెదవుల వంక చూసుకుంది. నీలంగా ఉన్నాయేమోనని ఆమె రోజంతా అలా చూసుకుంటూనే ఉంటుంది. "నువ్వే చెప్పినవ్. యముని దున్నపోతు కథ."

చెప్పాను. దాని చిన్నప్పుడు అన్నం తినిపించడానికి కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను. పెంట మీద పడుకున్న నన్ను తీసుకుపోవడానికి యముడు దున్నపోతునెక్కి వచ్చాడు. దున్నపోతు మా కుప్పలో గడ్డి చూసి అక్కడే నిలబడి మేయడం మొదలుపెట్టింది. లాగాడు, తన్నాడు, బతిమాలాడు. కదలదు. తెల్లవారిపోయింది. సిగ్గేసి, దాన్ని అక్కడే వదిలేసి యముడు కాలినడకన పోయాడు. ఆ దున్నపోతుతో మా నాయన నాలుగేళ్ళు పొలం దున్నాడు.

మర్నాడు పొద్దున ఆటోలో బయలుదేరాం. చేట నేను పట్టుకున్నాను. మరదలు రానని తలుపు వేసుకుంది.

కొట్టం దగ్గర ఒక ముసలాయన బర్రెలను కడుగుతున్నాడు. "పాలు అయిపోయినయమ్మా, సాయంత్రం రాండ్రి."

"పాలకు కాదు తాతా. మీ పెంటకుప్ప ఏడ ఉన్నది?"

"మొక్కలకా? సంచి తెచ్చుకున్నరా?"

నా చేతిలో చేట, కోడలి ఒళ్ళో పిల్ల, ఆయన కంట్లో పడ్డాయి. నీళ్ళ పైపు కింద పెట్టాడు.

"ఎంతమంది పోయిన్రు బిడ్డా?"

"ఇద్దరు."

ఆయన లోపలి నుంచి ఎండిన గడ్డి ఒక చంకెడు తెచ్చి కుప్ప మీద ఓ పక్కగా పరిచాడు. ఈగలు లేచి, మళ్ళీ వాలాయి. పిల్ల దగ్గరికి వచ్చేముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమని డాక్టరు మాకు చెప్పాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

నా కోడలు వంగింది. వంగి, అలాగే ఆగిపోయింది.

"పండవెట్టి, ఎనక్కి సూడకుంట గేటు దాక పోవాలె. అంతేగదా?"

"అంతే."

"ఏడిస్తే?"

"ఏడ్చినా సూడొద్దు."

పిల్ల వాళ్ళమ్మ చున్నీ కొస పట్టుకుని ఉంది. "అత్తా, యముడు నిజంగనే నడుసుకుంట పోయిండా?"

పోయాడని చెప్పగలను. దారిలో ఆయన చెప్పు తెగిందనీ, మా ఊరి మాదిగాయన కుట్టి ఇచ్చాడనీ కూడా చెప్పగలను. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ ఈగలు.

"నేను పెంట మీద పండనే లేదు బిడ్డా" అన్నాను.

అది నడుము నిటారుగా చేసి నా వైపు చూసింది.

"నా కంటె ముందు ఇంకో పెంటమ్మ ఉండె. మా అక్క. పండవెట్టింది దాన్ని. మా అమ్మ ఎనక్కి సూడలే. పద్ధతి తప్పకుంట చేసింది. నడక నేర్చినంక జ్వరమొచ్చి పోయింది అది. మళ్ల నేను పుడితే పక్కింటామె చేట పట్టుకోని వచ్చింది. మా అమ్మ ఇయ్యనన్నది. పోయినసారి అది ఏడుస్తుంటె నేను సూడలే, ఈసారి నాతోని కాదు అన్నది. పేరు మాత్రం అదే పెట్టింది."

"పని చెయ్యని పేరు మళ్ల ఎందుకు?"

అదే నేనూ అడిగాను, పదో తరగతిలో. ఆ ఏడు సర్టిఫికెట్‌లో పడిన పేరే జన్మంతా ఉంటుందని, మా బడిలో పోచమ్మలూ ఎల్లమ్మలూ అందరూ పుష్పలూ లతలూ అయిపోతున్నారు. నేనూ ఒక పేరు ఏరుకున్నాను. నాయన సరేనన్నాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది: "ఆ పేరు నీ ఒక్కదానిదే కాదు. నువ్వు మార్చుకుంటె, దాన్ని నేను ఏమని పిలవాలె?"

అప్పుడు తెలిసింది. అన్నానికి పిలిచినా, తిట్టడానికి పిలిచినా, ఆమె పిలిచిన ప్రతిసారీ ఇద్దరం పలుకుతున్నాం.

ఇది చెప్పేసరికి నా కోడలు పిల్లను భుజానికెత్తుకుంది. తర్వాత, "అంటే దేనితోనీ ఏం కాదన్నట్టేనా?" అంది.

"దీనితోని కాదు. డాక్టరు చేస్త అన్నడు. మనకున్నది గంతే."

ముసలాయన వచ్చి, పరిచిన గడ్డి తీసి ఒక బర్రె ముందు వేశాడు. అది మేయడం మొదలుపెట్టింది. ఇంకెప్పుడైనా అయితే ఆ బర్రె మీద నేను ఒక కథ అల్లేదాన్ని.

తిరిగి వస్తుంటే ఆటోలో ఖాళీ చేట నా ఒళ్ళో ఊగుతోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా కోడలు అడిగింది.

"అత్తా, నీకు పిల్లలు లేరు. నీ తర్వాత దాన్నెవరు పిలుస్తరు?"

"దేన్ని?"

"మీ అక్కను."

నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంటికెళ్ళగానే నా కోడలు చేతులు కడుక్కుని, పిల్లను తన తల్లికి ఇస్తూ చెప్పింది. "పట్టుకో అమ్మా, పెంటమ్మను."

మరదలు ఏడ్చింది. నలుగురూ నవ్వుతారంది, రేపు బడిలో ఏమంటారంది. బడి దాకా పోనీయమ్మా, నవ్వనీ, అంది నా కోడలు.

పిల్ల బరువు మెల్లగా పెరిగింది. ఆపరేషన్ రోజు ఆసుపత్రి హాలు నిండా జనం. అద్దాల తలుపు తీసి నర్సు బయటికొచ్చింది. చేతిలో కాగితం చూసి, ఇంకోసారి చూసి, సరిగ్గానే చదువుతున్నానా అన్నట్టు గట్టిగా పిలిచింది.

"పెంటమ్మ!"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ఆ పేరుకు లేవాల్సింది నేనొక్కదాన్నే కదా, కాళ్ళు వాటంతటవే లేచాయి. అప్పటికే నా కోడలు పిల్లనెత్తుకుని తలుపు దాకా వెళ్ళిపోయింది. పిల్లను చేతుల్లోకి తీసుకుంటూ నర్సు నా వైపు చూసి, "మీరెవరమ్మా?" అంది.

నేను కూర్చున్నాను. తలుపు మూసుకుంది.