నర్సమ్మ బిడ్డ చదువు

నా చిన్నతనంలో బాపూ నేనూ కలిసి చేసిన పని ఏదైనా ఉందంటే అది అమ్మ కోసం ఎదురుచూడడమే. అమ్మ ఏఎన్ఎం, ఊరూరూ తిరిగే సర్కారు నర్సు. అచ్చంపేట దాటి అడవి మొదలయ్యే చోట ఒక ఊళ్లో ఆమె పనిచేసే ఆరోగ్య ఉపకేంద్రం ఉండేది. అక్కణ్నుంచి లోపల చెంచుల గూడేలైన పెంటల దాకా బాలింతలూ, చూలింతలూ, పసిపిల్లలూ అందరూ ఆమె బాధ్యతే. మేము అచ్చంపేటలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. బాపుది ఆలేరు పక్క మగ్గాల ఇల్లు. పెళ్లయ్యాక అమ్మ ఉద్యోగం కోసం మగ్గం వదిలేసి వచ్చి, బజారులో ఒక బట్టల దుకాణంలో కుదిరాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం వండి, గంజి వార్చి, గిన్నె మీద మూత పెట్టి గడపలో కూర్చునేవాడు. నేను ఆయన పక్కన చేరేదాన్ని. మన్ననూరు వైపు నుంచి బస్సు హారన్ వినబడగానే ఇద్దరం లేచి నిలబడేవాళ్లం. చాలాసార్లు ఆ బస్సులో అమ్మ ఉండేది కాదు.

వచ్చిన రోజు ఆమె దగ్గర స్పిరిట్ వాసన, దాని కింద చెమట వాసన, అన్నిటికన్నా కింద ఎండిన ఆకుల వాసన వచ్చేవి. నేను ఆమె ఒళ్లో తల పెట్టి ఆ మూడు వాసనలనూ విడివిడిగా పట్టుకోవాలని చూసేదాన్ని. అన్నం తింటూ ఆమె ఏ పెంటలో ఏ పిల్లకు జ్వరం తగ్గిందో, ఎవరి కొడుకు బరువు పెరిగాడో బాపుతో చెప్పేది. నేను ఏ తరగతిలో ఉన్నానో మాత్రం ఒక్కోసారి తడబడేది.

ఒకసారి మా బడికి తల్లిదండ్రుల మీటింగుకు వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. భుజానికి టీకాల డబ్బాతోనే వచ్చి బెంచీలో నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. టీచరు నా మార్కుల గురించి చెబుతుంటే, అమ్మ చెయ్యి చాపి నా పక్కనున్న పిల్ల కంటిరెప్పను కిందికి లాగి చూసింది.

"ఈ పిల్లకు నెత్తురు లేదు టీచరమ్మా. ఇంటికాడ ఎవలుంటరు?" అంది.

క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఆమె నా కోసం వచ్చింది కదా, నన్నే చూడాలి కదా అని.

అమ్మకు నా గురించి ఒకే ఒక్క కోరిక ఉండేది. నేను నర్సింగ్ చదవాలి. ఎప్పుడైనా ఆదివారం ఇంట్లో ఉంటే, నా తలకు నూనె పెడుతూ దాని గురించే మాట్లాడేది.

"నువ్వు స్టాఫ్ నర్సువైతె గీ అచ్చంపేట దవాఖానలనే ఉంటవ్. నేను ఆడోళ్లను అడివిల కెల్లి తోల్కొస్త. నీ చేతులల్ల పెడ్త. నువ్వు చూస్కుంటవ్. నాకింక ఫికరుండది."

ఆ మాటల్లో నాకు వినబడింది నర్సింగ్ కాదు. అమ్మ రోజూ నడిచే దారి చివర నేనుంటాను, ఎంత తిరిగినా ఆమె ఆఖరికి నా దగ్గరికే వస్తుంది. నాకు కావలసింది అదే. అందుకే ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాను. నేను మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నప్పుడు కొత్త రాష్ట్రం వచ్చింది. కాలేజీ గోడల మీద గులాబీ రంగు ఇంకా ఆరలేదు. ఉద్యోగాలొస్తాయి, దవాఖానలొస్తాయి అని అందరం మాట్లాడుకునేవాళ్లం. నా ఆశ మాత్రం అచ్చంపేట దాటి పోలేదు.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలం అమ్మతో పాటు పెంటకు పోయాను. అది బీడీలకు తునికాకు కోసే కాలం. మొగవాళ్లు, ఆడవాళ్లు ఆకు కట్టలతో తిరుగుతున్నారు. ఒక బోదగడ్డి కప్పిన గుడిసె ముందు కడుపుతో ఉన్న ఒక అమ్మాయి కూర్చుని ఆకులు పేరుస్తోంది. నాకంటే కొంచెం పెద్దది, అంతే. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చూసి, కాన్పుకు పెద్ద దవాఖానకు పోవాలని చెప్పింది. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

"నేను రాను నర్సమ్మా."

"ఎందుకే? ఫోన్ చేస్తె బండొస్తది. నేను గూడ ఎక్కుత."

"తీస్కపోతరు. తోల్కొచ్చేదెవరు?"

ఆ అమ్మాయే మెల్లగా చెప్పింది. అంతకుముందు వాళ్ల అక్కను బండిలో తీసుకుపోయారు. కాన్పు మంచిగానే అయింది. ఇక ఇంటికి పొమ్మని పంపినప్పుడు మాత్రం బండి లేదు. పచ్చి బాలింత, పసిగుడ్డును కొంగులో చుట్టుకుని, రెండు బస్సులు మారి, దిగిన చోటి నుంచి ఎండలో అడవిలోకి నడిచింది. పిల్ల బతకలేదు. అక్క ఆ తర్వాత చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

"మీరు మంచోళ్లే నర్సమ్మా. మీ సూది మంచిదే. నాకు ఇంటికి రావాలె గదా," అంది ఆ అమ్మాయి.

అమ్మ ఆమె పక్కన కూర్చుని కొన్ని ఆకులు తనూ పేర్చింది. చివరికి, "నేను తోల్కొస్త. నిన్ను, నీ పిల్లను మీ గుడిసె కాడ దింపినంకనే నేను మా ఇంటికి పోత," అంది.

తిరిగి వస్తుంటే దారంతా నన్ను ఆ ప్రశ్న వదల్లేదు.

"అమ్మా, తీస్కపోయే బండి ఉంటె తోల్కొచ్చే బండి ఎందుకు లేదు?"

"లేదు, గంతే."

"ఎవలన్న అడగాలె గదా."

"మీటింగ్‌ల అడిగిన. పైకి చెప్తమన్నరు."

"పైన ఎవలుంటరు?"

అమ్మకు నవ్వొచ్చింది. "నేనెప్పుడన్న పైకి పోయిన్నా బిడ్డా? సదువుకున్నోళ్లుంటరు."

"ఏం సదువుకున్నోళ్లు?"

ఆమె ఆగి, కాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకుంటూ ఆలోచించింది. "గది నాకెట్ల ఎరుక?" అంది. నాకూ తెలియదు. సూది వేయడం నేర్పే చదువు ఒకటుందని తెలుసు. ఆ సూది ఎక్కడి దాకా పోవాలో, బాలింత ఇల్లు ఎట్లా చేరాలో తేల్చే చదువు ఒకటి ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు.

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి ఆర్ట్స్ చదివేది. మార్కుల మెమో కోసం కాలేజీకి పోయినప్పుడు ఆమెతో పాటు వాళ్ల సివిక్స్ మేడమ్ దగ్గరికి పోయి అడిగాను. డిగ్రీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, సోషియాలజీ తీసుకోవచ్చని, ఆ తర్వాత ప్రజారోగ్యంలో పీజీ ఉంటుందని, దానికి డాక్టరు కానవసరం లేదని ఆమె చెప్పింది. విన్న రోజు సంతోషం కంటే దిగులే ఎక్కువైంది. అంతవరకు నాకు ఒక్కటే కావాలి. ఇప్పుడు రెండు కావాలి. ఆ రెండూ ఒకే దారిన దొరకవు.

వానాకాలంలో నర్సింగ్ కౌన్సెలింగ్ వచ్చింది. హైదరాబాద్ పోవాలి. అమ్మ నాతో వస్తానని సెలవు పెట్టుకుంది. నా డ్రెస్ తనే ఇస్త్రీ చేసింది. బయలుదేరే పొద్దున ఫోన్ వచ్చింది. పెంటలో ఆ అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. అమ్మ ఫోన్ పట్టుకుని నా వైపు చూసింది.

"మాటిచ్చిన గదనే," అంది.

"పో అమ్మా," అన్నాను. ఆ మాట మనసారా అన్నాను. కానీ ఆమె చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడ్డాను.

కౌన్సెలింగ్ హాల్లో బాపు, నేను ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. చుట్టూ అందరి పక్కనా తల్లులు. నా వంతు దగ్గర పడుతుంటే బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. అటువైపు దవాఖాన వరండా గోల.

"అమ్మా, నేను నర్సింగ్ తీస్కుంటలేను."

"ఆడపిల్ల పుట్టిందే!" అని అరిచింది అమ్మ. నేనన్నది ఆమెకు వినబడలేదు. "ఇద్దరు మంచిగున్నరు. పిల్ల తెల్లగ, బొద్దుగ ఉంది. నీదేమైంది?"

"ఇంక పిలువలే," అన్నాను.

లోపలికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన తన అరచేతుల్ని చూసుకున్నాడు.

"నేను మగ్గం ఇడిశినప్పుడు మా నాయిన నాతోని మాట్లాడలే," అన్నాడు. "ఇప్పటికి గూడ, దుకాణంల చీర మడత పెట్టేటప్పుడు చేతులు గుంజుతయి బిడ్డా. ఇడిశినందుకు నాకు బాధ లేదు. మీ అమ్మ కాడ ఉండాలనుకున్న, ఉన్న. గానీ గుంజుడైతె పోదు. గది తెలుసుకోని ఇడువు."

మైకులో నన్ను పిలిచారు. నేను లేవలేదు. తర్వాతి అమ్మాయిని పిలిచారు. బాపు నీళ్ల సీసా నా చేతికిచ్చాడు. ఇద్దరం బస్టాండుకు నడిచాం.

మూడు రోజులకు అమ్మ వచ్చేసరికి ఆమె చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా బురద. రోడ్డు దాకా ఆటో దొరికిందట. అక్కడి నుంచి వానలో పసిపిల్ల మీద గొడుగు పట్టుకుని పెంట దాకా నడిచింది. ఆమె కాళ్లు కడుక్కుని అన్నం తింటుంటే, నర్సింగ్ వదిలేశానని, మేడమ్ చెప్పిన చదువు చదువుతానని చెప్పాను. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అయితె దవాఖానల నువ్వుండవన్నట్టు."

నేను ఆమె గ్లాసులో నీళ్లు పోశాను.

"ఆ సదువు సదివితె ఏమైతది?"

"తోల్కొచ్చే బండి ఎట్లొస్తదో తెలుస్తదమ్మా."

ఆమె నన్ను అంతసేపు చూడడం అంతకుముందు ఎప్పుడూ లేదు. "తెలిస్తె నాకు గూడ చెప్పు," అని కంచం తీసుకుని లేచింది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది.

హైదరాబాద్‌లో డిగ్రీ చదివిన రోజుల్లో బుధవారాలు, శనివారాలు నాకు కష్టంగా గడిచేవి. అవి టీకాల రోజులు. క్లాసులో గ్రామీణ ఆరోగ్య వ్యవస్థ గురించి పాఠం చెబుతుంటే, బోర్డు మీద గీసిన బొమ్మలో అన్నిటికన్నా కింది గడిలో 'ఉపకేంద్రం' అని రాసేవారు. ఆ గడిలో అమ్మ ఉందని నాకొక్కదానికే తెలుసు. ఈపాటికి బస్సు దిగి ఉంటుంది, వాగు దాటి ఉంటుంది, డబ్బా ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని ఉంటుంది అనుకుంటూ పాఠం విడిచిపెట్టేదాన్ని. సెలవులకు పోతే మొదటి పనిగా ఆ డబ్బా నేను మోసేదాన్ని.

ఆ డిగ్రీ ముగిసి ప్రజారోగ్యం పీజీలో చేరిన కొన్నాళ్లకు అమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఉత్సాహం ఆగడం లేదు.

"వచ్చింది బిడ్డా! తోల్కొచ్చే బండి వచ్చింది. బాలింతను, పిల్లను ఇంటికాడ దింపుతరట!"

"ఎవలు తెచ్చిండ్రమ్మా?"

"ఎవలు తెస్తేంది! వచ్చింది గదా."

నేను హాస్టల్ మెట్ల మీద కూర్చుండిపోయాను. సంతోషమే, నిజంగా సంతోషమే. కానీ ఏ బండి కోసం అమ్మ పక్కన నా చోటు వదులుకుని వచ్చానో, ఆ బండి నేను లేకుండానే వచ్చేసింది. చదువు మానేసి ఇంటికి పోదామా అనిపించింది. పోతే ఏ పనికి పోవాలి? సూది వేయడం నాకు రాదు.

కొన్నాళ్లకు అమ్మే మళ్లీ చెప్పింది, బండి తారు రోడ్డు దాకానే వస్తోందని. అక్కడి నుంచి పెంటకు నడకే. పీజీలో చేయవలసిన చిన్న పరిశోధనకు నేను ఆ నడకనే తీసుకున్నాను. దాని వల్ల రోడ్డు పడలేదు. కాకపోతే, ఆ పని వల్ల నాకు ఉద్యోగం దొరికింది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసులో తల్లీపిల్లల ఆరోగ్యానికి ఏ ఊళ్లో ఏం కావాలో ఆలోచించే బృందంలో పనిచేస్తున్నాను. లోపలి పెంటల ఆడవాళ్లు నెలలు నిండక ముందే వచ్చి ఉండడానికి ఒక దవాఖాన పక్కన గది కట్టించడంలో నా చెయ్యి కొంత ఉంది. ఆ గదిలో మంచాలు చాలన్నారు. వెంట వచ్చినవాళ్లు వండుకోవడానికి పొయ్యి కూడా ఉండాలని పట్టుబట్టింది నేను. కాన్పు అయ్యాక బాలింత ఆ గదిలోనే కొన్ని రోజులు ఉండి, కాస్త కోలుకున్నాక ఇంటికి పోవచ్చు.

అమ్మ రిటైరయ్యాక ఆ గది చూపించడానికి తీసుకుపోయాను. ఆమె మంచం మీద దుప్పటి తడిమింది, పొయ్యి దగ్గర వంగి చూసింది. అంతలో నా వయసే ఉన్న స్టాఫ్ నర్సు వచ్చింది. అమ్మ ఆమె చేతులు పట్టుకుని మాటల్లో పడింది. కాన్పుల గురించి, ఎదురు కాళ్లతో పుట్టిన పిల్లల గురించి, ఇద్దరూ నవ్వుకుంటూ మాట్లాడుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ తెల్ల కోటులో నేనుంటే ఎట్లా ఉండేదో ఊహించుకోవాలని ప్రయత్నించాను. నా ముఖం సరిగా కనబడలేదు. బయటికొచ్చాక అమ్మ, "పొయ్యి మంచిగ పెట్టించినవ్," అంది.

పని మీద నేను అటు మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊళ్ల దాకా పోతుంటాను. ఎక్కువగా మీటింగులే. ఇళ్లలోకి పోయేది వేరేవాళ్లు. ఎప్పుడైనా ఎవరింట్లోనైనా కూర్చుని, దుమ్ము తుడిచి ఇచ్చిన గ్లాసులో నీళ్లు తాగే అవకాశం వస్తే లేవబుద్ధి కాదు.

అమ్మ, బాపు ఇప్పుడు నాతోనే ఉంటున్నారు. మోకాళ్లు నొస్తున్నా టీకాల రోజు అమ్మ ఇంట్లో ఆగదు. మా వీధి చివర అంగన్‌వాడీకి పోయి, ఎవరూ అడగకపోయినా పిల్లల్ని ఒళ్లో పట్టుకుని కూర్చుంటుంది. నేను ఆఫీసుకు అటు నుంచే పోతాను. కిటికీలోంచి ఆమె కనబడుతుంది. ఏడుస్తున్న ఎవరి పిల్లనో భుజానికి ఆనించుకుని, వీపు రాస్తూ, చెవిలో ఏదో చెబుతుంటుంది. నేను కాసేపు రోడ్డు మీద నిలబడతాను. ఆమె పనిలో ఉంటుంది, ఇటు చూడదు. ఆ చెప్పేదేదో నాకూ వినాలనిపిస్తుంది.