ఒకే ఇంట్లో రెండు జ్వరాలు

ఆ ఏడు నాకూ మా తోడికోడలికీ ఒకే వారంలో చికున్‌గున్యా వచ్చింది. ఆమె రెండు రోజులు మూలిగి, మూడోనాడు లేచి వంట చేసింది. నాకు రెండు నెలలైనా గ్లాసు చేతిలో నిలవలేదు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ అత్తగారు ఆమె గట్టితనం చెబుతుంటే నాకు కడుపు మండిపోయేది. ఆమెకు మళ్లీ జ్వరం రావాలని కూడా కోరుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకనాడు డాక్టరుకు చూపించుకోడానికి ఛత్రపురంలో బరంపురం బస్సెక్కాను. టికెట్టు జారిపోతే పక్క సీటు పెద్దావిడ తీసిచ్చి, వాచిన నా వేళ్ల వంక చూసింది. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసి రిటైరైందట. ఎందుకో ఆమెకు అంతా చెప్పేశాను, ఆ పాడు కోరికతో సహా.

“ఏటంటే అమ్మా, వైరస్ ముందు ఒక కణంలో దూరతాది. ఆ కణం పక్క కణాలకి తలుపులేసుకోమని కేకేస్తాది. కొందరి ఒంట్లో ఆ కేక ఏగిరం లెగుస్తాది. కొందరి ఒంట్లో వైరస్ ముందే ఆ నోరు నొక్కేస్తాది. అందులో ఆమె గొప్పేటి, నీ తప్పేటి?”

“ఇదంతా తెలిస్తే ఈర్ష్య పోతుందా పెద్దమ్మా?”

ఆమె తన చెయ్యి చాపింది. వేళ్లు నావాటికన్నా వంకరగా ఉన్నాయి.

“మా సెల్లికీ నాకూ ఈ జొరం ఒకేసారి వచ్చింది. అది ఇప్పుడూ చకచకా పూలు కడతాది. సూస్తే నాకు ఇంకా మండుతాది” అని నవ్వేసింది.

బరంపురంలో దిగి ఎటో వెళ్లిపోయింది. నా ఈర్ష్య పోయిందని చెప్పను. ఆ సాయంత్రం తోడికోడలు జడ వేస్తానంటే మాత్రం, వద్దనకుండా వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.